అమ్మకు గర్భసంచి తీయించాలంటున్నారు, ముందు పీహెచ్‌సీలో చూపించొచ్చా?

ప్రశ్న: అమ్మకు 46. జగిత్యాల దగ్గర పల్లె. ఆర్నెల్లుగా నెలసరి పది, పన్నెండు రోజులు ఆగట్లేదు, గడ్డలు పడుతున్నాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాన్ తీసి, "పిల్లలు పుట్టేశారుగా, సంచి తీసేస్తే పీడ పోతుంది" అన్నారట. మగ డాక్టర్ అని అమ్మ ఆయనకు సగమే చెప్పింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, ఒకటే టెన్షన్.

జవాబు (స్టాఫ్ నర్సు): కంగారుపడకండి, కానీ ఆలస్యమూ చేయకండి. పీహెచ్‌సీల్లాంటి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనే ఆడవాళ్ల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు 2023 మార్చి 8న వంద కేంద్రాల్లో మొదలయ్యాయి. మంగళవారం ఆడవాళ్ల కోసమే, చూసేదీ ఆడవాళ్లే. మీ దగ్గర ఏ కేంద్రంలో ఉందో ఊళ్లో ఆశా కార్యకర్తను అడగండి. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. హిమోగ్లోబిన్ 12కు తగ్గితే రక్తహీనతే. 8 కన్నా తక్కువైతే మాత్రలతో సరిపెట్టకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. గర్భం ఉందేమో కూడా చూస్తారు, అమ్మగారు కోప్పడకూడదు! ఆ వయసులో నెలసరి తప్పడం, ఎక్కువవడం మామూలే అనుకుని వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకొకరు: మా చిన్నమ్మకు ముప్పై నాలుగేళ్లకే అండాశయాలతో సహా తీసేశారు. అప్పటినుంచే వేడి ఆవిర్లు, నిద్ర లేదు, ఎముకల నొప్పులు. మందులతో తగ్గుతుందేమో చూడమని ఒక్కరూ చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు: వీఐఏ పరీక్ష (గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ కోసం చేసేది) అంటున్నారు, అది చేయిస్తే సరిపోతుందా? నొప్పిగా ఉంటుందా అక్కా?

స్టాఫ్ నర్సు: గర్భసంచి ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ వస్తే క్యాన్సర్ అని కాదు, ఇంకా పరీక్షించాలని అర్థం. కాస్త చురుక్కుమంటుంది, అంతే. రక్తస్రావం ఆగిన తర్వాతే చేయించాలి. అయితే అది ముఖద్వారానికి మాత్రమే. రక్తం ఎందుకు ఎక్కువ పోతోందో చెప్పదు. నలభై అయిదు దాటాక ఇలా అయితే లోపలి పొర ముక్క తీసి పరీక్షించడం ముఖ్యం, దానికి జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు. కారణం తెలిస్తే చాలామందికి ట్రానెక్సామిక్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, హార్మోన్ ఉండే లూప్‌తో తగ్గుతుంది. నిజంగా ఆపరేషన్ కావాల్సినవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి. గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా, కళ్లు తిరిగినా మంగళవారం దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు: పాత స్కాన్ రిపోర్ట్ పట్టుకెళ్లాలా?

స్టాఫ్ నర్సు: రిపోర్టే కాదు, ఫిల్మ్ కూడా. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, డబ్బు కట్టింది మీరేగా. నెలసరి ఏ రోజు మొదలైంది, రోజుకు ఎన్ని ప్యాడ్‌లు, ఇవి క్యాలెండర్ మీద రాసుకెళ్లమనండి. ఐరన్ మాత్రలిస్తే టీతో మింగనివ్వకండి. మలం నల్లగా వస్తుంది, భయపడి మానేస్తారు చాలామంది.

ప్రశ్న అడిగినవారు: అమ్మకు ఫోన్ చేశాను. "అందరూ ఆడవాళ్లేనా?" అని రెండుసార్లు అడిగి, సరేనంది. సోమవారం రాత్రి బస్సుకు వెళ్తున్నాను.