ల్యాబ్‌లో ఉన్నదున్నట్టు రాసిన రీడింగ్ తప్పయితే మార్కులు కోయాలా?

ఏర్పేడు_స్కాలర్:
తిరుపతిలో పీహెచ్‌డీలో చేరినాను. వారానికి 8 గంటల టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని, బీటెక్ ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్. మొన్న ఆక్సాలిక్ ఆమ్లం, పర్మాంగనేట్ టైట్రేషన్. అంటే ఫ్లాస్కులోని ఆమ్లంలోకి, గీతలున్న బ్యూరెట్ గొట్టంలోంచి పర్మాంగనేట్ రంగు నిలిచేదాకా పోసి, ఎన్ని మి.లీ. పట్టిందో కొలవడం. ఒకమ్మాయి 9.6, 10.9, 10.3 అని వచ్చింది వచ్చినట్టు రాసింది. పక్క బెంచీలో అందరికీ 10.2, 10.2, 10.2. రిజల్టుకే సగం మార్కులు. ఆ అమ్మాయికి కోయడానికి చెయ్యి రావడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

చంద్రగిరి_మాస్టారు:
కోయాల్సిందే. నా సర్వీసంతా డిగ్రీ కాలేజీ ల్యాబుల్లోనే గడిచింది. రీడింగులు 0.1 మి.లీ. తేడా లోపల కలవాలి, కలవలేదంటే చెయ్యి కుదరలేదనే. జాలిపడి మార్కులేస్తే రేపు ఏ మందుల కంపెనీలోనో ఆ పిల్లే ఇబ్బంది పడుతుంది. ఇంకోటి, పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై మెనిస్కస్ (వంపు తిరిగిన ద్రవం పై అంచు) చూడాలి. పిల్లలు అలవాటుగా కిందిది వెతుకుతారు. అది చెప్పినావా బాబూ?

పుత్తూరు_వెంకట్:
ఫ్లాస్కు 60 డిగ్రీలకి వేడి చేసినారా లేదా? ముందు అది చెప్పు తమ్ముడూ.

పాకాల_లత:
మొదటా చివరా ఒకే అంచు చూస్తే తేడాలో అది కొట్టుకుపోతుంది సార్. తమ్ముడూ, నువ్వు ఆ ఫ్లాస్కు చూసినావా? చల్లారితే రంగు మెల్లగా పోతుంది, పిల్లలు అయిపోయిందనుకొని ఆపేస్తారు, రీడింగ్ తక్కువొస్తుంది. గోధుమరంగు మడ్డి కట్టిందంటే ఫ్లాస్కులో కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం చాల్లేదు, పర్మాంగనేట్ ఎక్కువ తాగుతుంది. ఆ రెండు రీడింగుల్లోనే పాఠమంతా ఉండాది. మా డిగ్రీలో నేను నిజం రాస్తే రికార్డు మొత్తం తిరగరాయించినారు. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినోళ్ళకి ఫుల్ మార్కులు.

చంద్రగిరి_మాస్టారు:
పై మెనిస్కస్ అని పుస్తకంలోనే ఉంది. కొట్టుకుపోతుందని ఏది పడితే అది చూడమంటే ఎట్లమ్మా?

పాకాల_లత:
ఎవరు చూడమన్నారు సార్? పిల్లలు దొంగ లెక్కలు నేర్చుకునేది మీలాంటోళ్ళ దగ్గరే!

చంద్రగిరి_మాస్టారు:
మాట జాగ్రత్త. బ్యాచ్‌కి నలభై మంది, ఒక్క అటెండరు, కుళాయిలో నీళ్ళు వస్తే వచ్చినట్టు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ రికార్డు తిరగేసేవాడు గానీ ఫ్లాస్కు చూసేవాడు కాదు. రికార్డు బాగలేకుంటే పిల్ల ఫెయిల్. ఒక్కొక్క బెంచీ దగ్గర నిలబడే తీరిక మాకెవరిచ్చినారు?

పాకాల_లత:
ఇన్నాళ్ళకి చెప్పినారు. మీకు పిల్ల పాసవడం ముఖ్యం. నాకు బ్యూరెట్ పట్టుకునే చెయ్యి ముఖ్యం.

చంద్రగిరి_మాస్టారు:
ఫెయిలైన పిల్ల ఇంట్లో కూర్చుంటే ఏ చేత్తో పట్టుకుంటుంది?

ఏర్పేడు_స్కాలర్:
మా సార్‌ని అడిగినాను. రేపటి బ్యాచ్ నుంచి రీడింగ్ తీయగానే పెన్నుతో రాయించి, లెక్క కట్టకముందే బెంచీ దగ్గర నేను సంతకం పెడతాను. తేడా ఎందుకొచ్చిందో సరిగ్గా రాసినోళ్ళకి రిజల్టు మార్కుల్లో సగం. వెంకటన్నా, హాట్‌ప్లేట్లు రెండే. ఆ అమ్మాయిది చివరి బెంచీ. ఫ్లాస్కు మోసుకొని పోయేలోపే చల్లారిపోతా ఉండాది.

పుత్తూరు_వెంకట్:
అయితే ఆ పాపకి కోసేది ఎట్ల?

చంద్రగిరి_మాస్టారు:
హాట్‌ప్లేట్ల సంగతి మొదటే రాయాల్సింది. ఆ పిల్లతో ఇంకోసారి చేయించు, వేడి తగ్గకుండా నువ్వు పక్కనే ఉండు. సంతకం మంచి పద్ధతే. కలవని రీడింగులకి సగం మార్కులంటే మాత్రం నేనొప్పుకోను.