వేట నిషేధం తెప్పకీ మరబోటుకీ ఒకటేనా?

జాలరిపేట అబ్బాయి:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరమంతా వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఆపాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. తెడ్డు తెప్పకి మినహాయింపు ఉంది కానీ దానికో చిన్న ఇంజిను బిగిస్తే చాలు, విశాఖ హార్బర్లోని పెద్ద మరబోటుతో సమానం అయిపోతుంది, పేచీ అక్కడే. మా నాన్నవాళ్లు ఫైబర్ తెప్ప మీద చీకటితో పోయి పొద్దెక్కేసరికి కాసిని చేపలు, కవ్వళ్లో కానాగంతలో, తెస్తారు. మరబోటు ఐసు నింపుకుని రోజుల తరబడి సముద్రంలోనే ఉండి, అడుగంటా వల ఈడ్చి గుడ్డూ పిల్లా ఊడ్చుకొస్తుంది. ఇద్దరికీ ఒకే రూలు ఏం న్యాయం? చిన్న తెప్పల్ని వదిలేయాలి.

సరంగు బాబాయ్:
తమ్ముడూ, నేను మరబోటు మీద పనిచేసేవాణ్ణి, ఓనర్ని కాదు. మాకు వచ్చేది వాటా, బోటు కట్టేస్తే ఆ వాటా సున్నా. నిషేధంలో వచ్చే సాయం 2025లో 10 వేల నుంచి 20 వేలు చేశారు, మంచిదే, కానీ రెండు నెలలు ఇల్లు గడవాలి కదా. ఇక చిన్నవాళ్ల వల్ల సముద్రానికి నష్టం లేదంటే ఒప్పుకోను. 2022 జనవరిలో రింగు వలల మీద గొడవై పడవలు తగలబడ్డాయి, అది జాలర్లకీ జాలర్లకీ మధ్య గొడవే. రింగు వల గుంపుకి గుంపునే చుట్టేస్తుంది. ఇంజిను తెప్పలకి నిషేధంలో దారి వదిలితే ఎవడు ఏ వల వేశాడో ఎవరు చూస్తారు?

తీరం తాబేలు:
మీరిద్దరూ ఏప్రిల్ దగ్గరే ఆగిపోయారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది చలికాలంలో, నిషేధం మొదలయ్యేసరికి చాలావరకు ఆ పని అయిపోతుంది. తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి, మరబోటు అడుగంటా ఈడ్చే ట్రాలు వలలో ఇరుక్కుంటే మునిగి చచ్చిపోతుంది. ఆర్కే బీచ్ వైపు కొట్టుకొచ్చిన కళేబరాలు చూసినవాళ్లకి తెలుసు, కళ్లు ఉబ్బి, డిప్ప మీద ఇసుక పట్టి ఉంటాయి. తాబేలు తప్పించుకునే చట్రం వలకి పెట్టుకుంటే చాలావరకు బతుకుతాయి. అది సరిగ్గా వాడటం లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపింది. పెట్టుకుంటే కాస్త చేప జారిపోతుందని ఓనర్ల భయం.

జాలరిపేట అబ్బాయి:
బాబాయ్, రింగు వల మాట నిజమే. అందుకే అంటున్నా, ఇంజిను చూడొద్దు, వల చూడండి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు రూలు ప్రకారం మాదే, మరబోటు రాకూడదు. అయినా రాత్రి లైట్లు ఆర్పి వచ్చి మా వలలు తెంపుకుపోతాయి, అడిగే దిక్కుండదు. ఆ 8 కిలోమీటర్లలో గేలం వేసేవాళ్లకి నిషేధంలో కూడా అనుమతివ్వాలి, రింగు వలకి వద్దు, ఇంకే వలకీ వద్దు. తాబేలు చట్రం లేని మరబోటుకి డీజిల్ సబ్సిడీ ఆపాలి. మత్స్యశాఖకి అర్జీ ఇదే రాస్తున్నాం, సంతకాలు కావాలి.

చేపలమ్మ కూతురు:
అన్నా, సంతకం పెడతా. కానీ అర్జీ మొత్తం పడవ ఎక్కేవాళ్ల గురించే ఉంది. మా అమ్మ హార్బర్లో వేలం పాడి, తట్ట నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. బోట్లు ఆగాయంటే ఆమెకి కొనడానికి చేప ఉండదు, ఉన్న నాలుగూ రేటు మండిపోతాయి, వడ్డీకి తెచ్చిన డబ్బుకి మాత్రం వారంవారం కట్టాల్సిందే. సాయం మాత్రం బోటు సిబ్బంది జాబితాలో పేరున్న వాళ్లకే. చేపలమ్మేవాళ్లకీ, ఎండబెట్టేవాళ్లకీ వేరే జాబితా రాయాలని అర్జీలో చేర్చండి. మా వీధి ఆడవాళ్ల సంతకాలు నేను తెస్తా.