మా అమ్మమ్మ దగ్గర దివిసీమలో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పోయిన నెలలో కాలం చేశారు. అవనిగడ్డ దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. ఊళ్లో అందరూ పంతులమ్మగారనే పిలిచేవారు. మాకు ఎక్కాలు నేర్పింది, పలక మీద చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది ఆవిడే.

1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. ఇప్పుడు ట్రంకు పెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. ఉప్పెన తర్వాత మళ్లీ బడికి రాని పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. ఒక్కో పేరు పక్కన ఒక్క మాట: 'బాగా పాడుతుంది', 'లెక్కల్లో చురుకు', 'ఎడమచేతి వాటం'. చదువుతుంటే ఏడుపు ఆగలేదు.

సంవత్సరీకానికి ఆవిడ జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఆ పేర్లు అందులో వేయొచ్చా? ఆ కుటుంబాలవాళ్లకి బాధ కలుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ముందు వాళ్లని కలిసి అడగాలని ఉంది, కానీ చాలామంది ఊళ్లు మారిపోయారు. ఆమె శిష్యులు ఇప్పుడు యాభై దాటినవాళ్లే. వాళ్లని ఎలా వెతకాలి? మీ ఇళ్లలో ఆ ఉప్పెన చూసిన పెద్దవాళ్లుంటే దయచేసి ఒక్కసారి అడిగి చెప్పండి.