కొత్త డెస్క్‌టాప్‌కి విండోస్ 11 హోమా, ప్రోనా?

కపిలతీర్థం77
తిరుపతిలో ఇంటికి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయిస్తున్నాం. రైజెన్ 5 5600జీ, బీ550 బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ. నాన్న ట్యాలీలో లెక్కలు రాస్తాడు. చెల్లి బీటెక్ సీఎస్‌ఈ, దానికి లైనక్స్ కూడా కావాలంట. షాపాయన "హోమ్ దేనికి, 900 ఇవ్వండి, ప్రో వేసి లైఫ్‌టైమ్ యాక్టివేషన్ చేసిస్తా" అంటున్నాడు. వేయించుకోవచ్చా అన్నా? హోమ్ తీసుకుంటే ఏమైనా పోతుందా?

పాకాల_జంక్షన్
మీ పనులకి ఏమీ పోదు. ట్యాలీ రెండింట్లోనూ ఒకేలా నడుస్తుంది, వేగంలో తేడా ఉండదు. ప్రోలో అదనంగా వచ్చేవి: రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటినుంచి ఈ సిస్టమ్‌లోకి రావడం, గ్రూప్ పాలసీ, హైపర్-వీ (వర్చువల్ మెషీన్లు నడపడానికి), శాండ్‌బాక్స్ (అనుమానమున్న ప్రోగ్రామ్‌ని విడిగా నడిపి చూడటానికి), ఆఫీసు డొమైన్‌లో చేరడం, బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసేది) పూర్తి సెట్టింగులు. ఇంట్లో వీటిని ముట్టుకునేవాళ్లు ఎంతమంది చెప్పండి.

చెల్లెలికి డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) చాలు, అది హోమ్‌లోనూ ఉంది. టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్, ఒక స్పేస్, రెండు హైఫన్లు, ఇన్‌స్టాల్ అని కొట్టి రీస్టార్ట్ చేస్తే ఉబుంటు దిగుతుంది. వర్చువలైజేషన్ ఎర్రర్ వస్తే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ఎస్‌వీఎం మోడ్, అంటే వర్చువలైజేషన్ స్విచ్, ఆఫ్‌లో ఉన్నట్టు, ఆన్ చేయండి.

చిత్తూరు_బెల్లం
అసలు చూడాల్సింది హోమా ప్రోనా అని కాదు తమ్ముడూ, ఆ 900కి వచ్చేది ఎలాంటి లైసెన్స్ అని. ఆ రేటుకి దొరికేది ఎక్కువగా కంపెనీలకిచ్చే వాల్యూమ్ కీ, లేదంటే కేఎంఎస్ క్రాక్ (కంపెనీల సర్వర్ యాక్టివేషన్‌ని నకిలీ చేసేది). కేఎంఎస్ యాక్టివేషన్ గడువు 180 రోజులే. క్రాక్ దాన్ని వెనకాల రెన్యూ చేస్తూ ఉంటుంది, అందుకే డిఫెండర్‌ని (విండోస్ సొంత యాంటీవైరస్) ఆపేసి, లేదా మినహాయింపు పెట్టి ఇస్తారు. నాన్నగారి లెక్కలున్న సిస్టమ్‌లో అది ఎంత ప్రమాదమో ఆలోచించు.

డబ్బులిచ్చే ముందు షాపులోనే చూసుకో. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్, స్పేస్, స్లాష్, డీఎల్‌ఐ. వచ్చే పెట్టెలో రిటైల్ (విడిగా కొన్నది) అనో ఓఈఎమ్ (సిస్టమ్‌తో పాటు ఇచ్చేది) అనో ఉంటే చాలావరకు సరే, వాల్యూమ్ అని కనిపిస్తే వద్దను. డీఎల్‌ఐ బదులు ఎక్స్‌పీఆర్ కొడితే గడువు తేదీ ఉందా, శాశ్వతమా అన్నది తెలుస్తుంది. ఓఈఎమ్ లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది, బోర్డు పోతే అదీ పోయినట్టే. రిటైల్ అయితే రేపు ఇంకో సిస్టమ్‌కి మార్చుకోవచ్చు.

కపిలతీర్థం77
సరే అన్నా, హోమే. ఇంకో షాపులో "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" అన్నారు. అందులో తెలుగు టైప్ చేయలేమా?

పాకాల_జంక్షన్
చేయొచ్చు. కీబోర్డులు ఎన్నైనా పెట్టుకోవచ్చు. మెనూలు, సెట్టింగులు కనిపించే భాష ఒక్కటే మార్చలేరు.

ఇంకోటి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకి తాళం) దానంతటదే ఆన్ కావచ్చు. తర్వాత బయోస్ అప్‌డేట్ చేసినా, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే సెక్యూరిటీ భాగం) రీసెట్ అయినా బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవడమే. కీ ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది కాబట్టి అకౌంట్ మీదే అయ్యుండాలి, షాపాయన మెయిల్‌తో సెటప్ చేయనివ్వకండి. కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి ఆపేయొచ్చు. ట్యాలీ బ్యాకప్ మాత్రం పెన్‌డ్రైవ్‌లో విడిగా ఉండాల్సిందే.

చిత్తూరు_బెల్లం
విండోస్ 10 వేస్తానంటే ఒప్పుకోకు, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11 ఎక్కేటప్పుడు "ఈ పీసీ సరిపోదు" అంటే ప్రాసెసర్‌ని అనుమానించక్కర్లేదు. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం ఆన్ చేసి, సీఎస్‌ఎమ్ (పాత తరహా బూట్ పద్ధతి) ఆపి, సెక్యూర్ బూట్ పెట్టు.

కీ ఇంకా కొనకపోయినా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కీ అడిగినచోట "లేదు" అని నొక్కితే ఎడిషన్ల జాబితా వస్తుంది, అక్కడ హోమ్ ఎంచుకో. పొరపాటున ప్రో ఎంచుకుంటే తర్వాత కొన్న హోమ్ కీ పట్టదు, మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే. హోమ్‌నుంచి ప్రోకి అయితే ఫార్మాట్ లేకుండానే ఎప్పుడైనా వెళ్లొచ్చు.