సమస్య: వ్రాసినట్లె చదువువాఁడు మొద్దు

నిర్వాహకుడు (హనుమకొండ): నిన్న మా మనవరాలు ‘ఐలాండ్’ను ‘ఇస్లాండ్’ అని చదివింది. దిద్దబోయి ఆగిపోయాను. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఎస్ లేనే లేదు, దీవికే ఇంకో మాట, ఎస్ ఉన్న ‘ఐల్’ను చూసి తర్వాత ఇరికించారు. పిల్ల చేసిన తప్పేముంది? అప్పుడు తట్టిందీ పాదం. ఇది చివరి పాదంగా పద్యాలు కానివ్వండి.

జనగామ టీచరమ్మ:
కిక్కురుమనకుండ ‘కే’ నిల్చు ‘నైఫు’లో,
‘బీ’కి ‘డెట్టు’లోన బిగిసె నోరు,
ఇంగిలీసు బళ్ళ నిదియె చట్టంబాయె
వ్రాసినట్లె చదువువాఁడు మొద్దు

డెట్‌లో బీ కూడా తర్వాత దూరిందే. లాటిన్ ‘డెబిటుమ్’ గుర్తుండాలని పండితులు చేర్చారు. నైఫ్‌లో కే అట్లా కాదు, ఒకప్పుడు పలికేవారు.

పరకాల కవి:
ఇరువదారు గుర్తు లెన్ని నాదాలకో
ఇంగిలీసువాఁడె యెరుగలేఁడు
తెలుగు లిపిని గనుము, తిన్నని బాటరా
వ్రాసినట్లె చదువు, వాఁడు మొద్దు

ములుగు తమ్ముడు: ‘చదువు’ దగ్గర విరిచారు చూడండి! సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా మొద్దును మార్చేశారు. పొద్దున్నుంచి నాలుగుసార్లు చదువుకున్నాను.

కాజీపేట అన్న:
వెట్టి యక్షరాలు వెబ్‌స్టరు తొలగించె
‘కలరు’లోని ‘యూ’ను కత్తిరించెను
‘టంగు’ మార్చబోతె టక్కున జనులంద్రు
వ్రాసినట్లె చదువువాఁడు మొద్దు

అమెరికా నిఘంటుకారుడు వెబ్‌స్టర్ 1828 నిఘంటువులో పెట్టిన యూ లేని ‘కలర్’ అమెరికాలో నిలిచింది. నాలుకకు ‘టి యు ఎన్ జి’ చాలన్నాడు, అది నిలవలేదు.

పరకాల కవి: ‘వెట్టి యక్షరాలు’ అన్నది మన నేల మాట, చాలా బాగుంది. కానీ రెండో పాదం చివర ‘ను’ ఎందుకన్నా? అదీ వెట్టి చేస్తోంది.

కాజీపేట అన్న: ఒప్పుకున్నాను, ‘కత్తిరించె’ చాలు. మరి ఇదివరకటి మేడారం సమస్య పూరణలో నేను ‘చంద్రుడు’కు ‘చలి’తో యతి వేస్తే, రెండు ‘చ’లూ ఒకటి కావన్నది మీరే కదా! రాసే చ ఒక్కటి, పలికే చ రెండు. తిన్నని బాట ఎట్లయింది?

పరకాల కవి: వినడానికి వేరంటిని, యతి చెల్లదనలేదు. చలికి ౘ అనే గుర్తు మనకుంది, అచ్చులో మనమే వదిలేశాం. ఇంగ్లీషులో ఓ, యు, జి, హెచ్ కలిసి ‘త్రూ’లో ఒకటి, ‘టఫ్’లో ఒకటి, ‘దో’లో ఒకటి. దానికీ దీనికీ పోలికా?

జనగామ టీచరమ్మ: గుర్తులు పెంచీ చూశారు. 1961లో ఇంగ్లండులో జేమ్స్ పిట్‌మన్ 44 అక్షరాలతో పిల్లల కోసం ఒక లిపి తెచ్చాడు. అందులో చదవడం నేర్చాక మళ్లీ పాత స్పెల్లింగుకే రావాలి. మొదట నేర్చింది మరిచి ఇంకోటి నేర్వడం ఎంత కష్టమో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు తెలుసు.

నిర్వాహకుడు: నాకు అసలు చిక్కు ఇంకోచోట కనిపిస్తోంది. పలికినట్టే రాయాలంటే ఎవరి నోటి ప్రకారం? ‘కార్’ చివర ర లండన్‌లో వినబడదు, అమెరికాలో వినబడుతుంది. మనం ‘వచ్చిండు’ అంటాం, పుస్తకంలో ‘వచ్చాడు’ చదువుతాం. ఈ బాధ మనకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. దీని మీద పూరణ ఇంకా రాలేదు.

కాజీపేట అన్న: రేపటికి నాది. పరకాల అన్నా, ఈసారీ చలితోనే యతి వేస్తాను.