రాష్ట్ర పన్నుల రాబడి పెరిగిందంటే వ్యాపారాలు బాగున్నట్టేనా?

ప్రశ్న: మదనపల్లె_మారతహళ్లి
ప్రతి నెలా ఒకటో తారీఖున కర్ణాటక జీఎస్టీ వసూళ్లు ఇంత శాతం పెరిగాయని వార్త వస్తుంది. ఏడాది ముగిశాక మొత్తం పన్నుల రాబడి పెరిగిందని ఇంకోటి. రెండూ ఒకటే లెక్కా? పెరిగిందంటే జనం బాగా కొంటున్నారనా? బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్ చూస్తున్నాం. రిజిస్ట్రేషన్ ఖర్చు విన్నప్పటి నుంచి ఈ డౌట్ పట్టుకుంది.

జవాబు: చిక్‌పేట_లెక్కలు
ఒకటి కాదు తమ్ముడూ. బట్టల షాపులకు రిటర్నులు వేయడం నా పని, ఈ వార్త చూసినప్పుడల్లా బాధేస్తుంది. కేంద్రం నెలనెలా ఇచ్చే రాష్ట్రాల పట్టికలో కేంద్ర జీఎస్టీ, రాష్ట్ర జీఎస్టీ, రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పడే ఐజీఎస్టీ అన్నీ కలిపే ఉంటాయి. అదంతా రాష్ట్ర ఖజానాకు రాదు. ఇక్కడి పీణ్యా ఫ్యాక్టరీల్లో తయారైన మోటారును చెన్నై డీలరు కొంటే, పన్ను ఇక్కడి కంపెనీ కట్టినా రాష్ట్ర వాటా తమిళనాడుకు పోతుంది. జీఎస్టీ సరుకు వాడే చోటుకి చెందుతుంది కాబట్టి. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల మీదైతే పన్నే పడదు. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో జీతం తీసుకున్నవాళ్లు ఇక్కడ ఖర్చు పెడితేనే రాష్ట్రానికి వచ్చేది.

ఏప్రిల్ నెల అంకె చూసి సంబరపడొద్దు. మార్చి అమ్మకాల రిటర్ను ఏప్రిల్‌లో వేస్తాం, ఏడాది లెక్కలన్నీ సర్దేది అప్పుడే. 2024 ఏప్రిల్‌లో దేశమంతా కలిపి 2.10 లక్షల కోట్లు వచ్చింది అందుకే.

ఇక అసలు సంగతి రేట్లు. 2024 జూన్‌లో ఇక్కడ పెట్రోలు మీద అమ్మకం పన్ను 25.92 నుంచి 29.84 శాతానికి, డీజిల్ మీద 14.3 నుంచి 18.4 శాతానికి పెంచారు. లీటరుకు దాదాపు మూడు రూపాయలు. ఒక్క లీటరు ఎక్కువ అమ్ముడుపోకపోయినా ఆ ఏడాది రాబడి పెరిగినట్టే కనిపిస్తుంది. దీన్ని వృద్ధి అనడం నాకు నచ్చదు. ఆటో నడిపేవాళ్లు, కూరగాయల బండ్లవాళ్లు కట్టిన డబ్బు అది.

జవాబు: కేఆర్‌పురం_దస్తావేజు
రిజిస్ట్రేషన్లదీ అదే కథ. 2023 అక్టోబరు 1 నుంచి గైడెన్స్ విలువలు (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే ఆస్తి ధరలు) పెంచుతారని తెలిసి సెప్టెంబరులోనే జనం ఎగబడ్డారు. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతం అయింది. 80 లక్షల ఫ్లాటుకు ఫీజు ఒక్కటే 80 వేలు ఉండేది, ఇప్పుడు లక్షా అరవై వేలు. స్టాంపు డ్యూటీ వేరే. లోన్ లెక్క వేసేటప్పుడు మర్చిపోకండి, చివర్లో టెన్షన్ పడేది చాలామంది ఇక్కడే.

ప్రశ్న: మదనపల్లె_మారతహళ్లి
థ్యాంక్స్ అన్నా. మరి నేను ఏ లెక్క చూడాలి?

జవాబు: చిక్‌పేట_లెక్కలు
ప్రభుత్వ ఖాతాలు ఆడిట్ చేసే కాగ్ నెలవారీగా ఇచ్చే రాష్ట్ర లెక్కలు చూడు. జీఎస్టీ, అమ్మకం పన్ను, మద్యం మీద ఎక్సైజ్, స్టాంపులు, కేంద్ర పన్నుల్లో వాటా విడివిడిగా ఉంటాయి. ఆ వాటా కూడా పన్నుల రాబడిలోనే కలుస్తుంది. కేంద్ర పన్నులు రాష్ట్రాలకు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం కర్ణాటక వాటాను 4.713 నుంచి 3.647 శాతానికి తగ్గించింది, అది ఇక్కడి వ్యాపారం తగ్గి జరిగింది కాదు కదా.

నేనైతే ముందు జీఎస్టీ వరుసే చూస్తా. పెట్రోలు, మద్యం, స్టాంపుల రేట్లు రాష్ట్రం చేతిలో ఉంటాయి. జీఎస్టీ రేటు మాత్రం కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌లో తేలాల్సిందే, ఒక్క రాష్ట్రం మార్చలేదు. అందుకే జనం కొనుగోళ్లు కాస్త నిజంగా తెలిసేది అందులోనే. 2025-26 లెక్కలో మాత్రం సెప్టెంబరు 22 నుంచి రేట్లు తగ్గాయి, దానికి ముందూ తర్వాతా విడదీసి చూడు.