జాక్ కైల్ 1950 డునెడిన్ ట్రై వీడియో ఎక్కడ దొరుకుతుంది?

ఐర్లాండ్ రగ్బీ ఫ్లై-హాఫ్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) జాక్ కైల్ ఆట కళ్లారా చూడాలని మూడు వారాలుగా వెతుకుతున్నాను. 1947-58 మధ్య దేశానికి 46 మ్యాచ్‌లు, 1948లో గ్రాండ్ స్లామ్ (ఐదు దేశాల టోర్నీలో అన్ని మ్యాచ్‌ల్లో గెలుపు), తర్వాత జాంబియాలోని చింగోలాలో ఏళ్ల తరబడి సర్జన్. ఎంత గొప్ప జీవితం! రాతలు బోలెడున్నాయి, దృశ్యాలకే కరువు.

నాకు కావాల్సింది 1950లో లయన్స్ (బ్రిటన్, ఐర్లాండ్ ఉమ్మడి జట్టు) తరఫున న్యూజిలాండ్‌పై డునెడిన్‌లో ఆయన చేసిన ట్రై (బంతిని ప్రత్యర్థి గోల్ గీత అవతల నేలకు తాకించి సాధించే స్కోరు). ఆ టెస్ట్ 9-9తో డ్రా అయింది. యూట్యూబ్‌లో ఆయన పేరు, కారిస్‌బ్రూక్ మైదానం, ఏడాది కలిపి వెతికాను. పాత న్యూస్‌రీల్ జాబితాలూ తిరగేశాను. దొరికింది ఒక్కటే క్లిప్, 40 సెకన్లు, శబ్దం లేదు. నలుపు-తెలుపు కావడంతో లయన్స్ ఎర్ర జెర్సీ ఏదో, ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) నల్ల జెర్సీ ఏదో పోల్చుకోలేకపోతున్నాను.

ఆ ట్రై స్పష్టంగా కనిపించే వీడియో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?